జివ్వుమనేది ఎవరికి?

మన భాషలో పళ్ళకు దొరికినన్ని మాటలు మరే అవయవానికీ దొరికినట్టు లేదు. కోపమొస్తే పళ్ళు నూరతాం. సిగ్గులేనివాడు పళ్ళు ఇకిలిస్తాడు. కష్టమొస్తే పంటి బిగువున భరిస్తాం. బుద్ధిమంతురాలైన కోడలు అత్తగారిని పల్లెత్తు మాట అనదు. సంతలో ఎద్దును బేరమాడేవాడు అన్నిటికంటే ముందు దాని మూతి పట్టుకుని పళ్ళు చూస్తాడు. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు మూతి పట్టుకోరనుకోండి. "ఏం చదువుకున్నావమ్మా?" అంటారు, "వంటొచ్చా?" అంటారు, ఏదో ఒక హాస్యమాడి ఆ పిల్ల నవ్వేదాకా ఓపిగ్గా కూచుంటారు. చూసుకోవలసింది అప్పుడు చూసుకుంటారు.

ఆ నవ్వు తెల్లగా లేకపోతే మునుపు చేసేదేమీ ఉండేది కాదు. పిల్లకు ముందే చెప్పి ఉంచేవారు, "మరీ అంత నోరు తెరిచి నవ్వమాకు" అని. ఇప్పుడు దానికీ వైద్యం వచ్చింది. కర్నూల్లోనూ కడపలోనూ దంతవైద్య కళాశాలలే ఉన్నాయి. ప్రైవేటు క్లినిక్కుల సంగతి చెప్పనక్కర్లేదు, ఏ వీధిలోకి తిరిగినా బోర్డు మీద ఒక అమ్మాయి మొహంలో సగం పళ్ళే. పెళ్ళిళ్ళ రోజులొచ్చాయంటే పట్టుచీర, రవికకు మగ్గం పని, చేతులకు మెహందీ, వాటి పక్కన పళ్ళు తెల్లబరచడం కూడా జాబితాలోకి ఎక్కేసింది. చేయించుకున్నవాళ్ళలో కొందరు హాయిగానే ఉన్నారు. కొందరు మాత్రం మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలగానే ఉలిక్కిపడి చెంప పట్టుకుంటున్నారు.

అది ఎక్కువకాలం ఉండదని డాక్టర్లు చెబుతారు. నిజమే. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న డాక్టర్లు తీర్చేది కాదు. మచ్చ ఉన్నది ఒకరి పంటి మీద, అది గుచ్చుకునేది ఇంకొకరి కంటికి. ఆ కంటిని చల్లబరచడానికి ఈ పన్ను జివ్వుమనాలా? మననీ, ఫరవాలేదు అనే మాట ఎవరు అనాలి?

తెల్లపళ్ళే అందమని లోకమంతా ఎల్లకాలం ఒప్పుకోలేదు, ఆ సంగతి ముందు చెప్పుకోవాలి. మా జేజి కాలంలో భోజనమయ్యాక తాంబూలం వేసుకుని నోరు పండించుకోవడం ఒక ముచ్చట, ఒక హోదా. ఆమె పళ్ళు ఎర్రగా ఉన్నాయని ఎవరూ జాలిపడలేదు. దక్కన్‌లో చాలా ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్ళు మిస్సీ అనే నల్లపొడి పళ్ళకూ చిగుళ్ళకూ రాసుకునేవారు, ముస్తాబులో అదొక భాగం. జపానులో పెళ్ళయిన ఆడవాళ్ళు ఇనపరజను పులియబెట్టిన ద్రావకంతో పళ్ళను నేరేడుపండులా నిగనిగలాడించేవారు. 1870లో అక్కడి ప్రభుత్వం పెద్దింటి వాళ్ళకు ఆ అలవాటు నిషేధించింది. 1873లో మహారాణిగారు తెల్లపళ్ళతో దర్శనమిచ్చేసరికి మెల్లగా మిగిలినవాళ్ళూ మానుకున్నారు. అంతవరకూ తెల్లపళ్ళ ఇల్లాలే అక్కడ వింత! ఇంకోవైపు, రెండువేల ఏళ్ళ కిందట రోములో కతుల్లస్ అనే కవి ఎగ్నేషియస్ అనేవాణ్ణి ఎగతాళి పట్టించాడు, అయినదానికీ కానిదానికీ తెల్లపళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడని. ఆ తెలుపు ఎలా వచ్చిందో కూడా చెప్పాడు, మూత్రంతో తోముకుంటేనట. భోజనాల వేళ చదువుతున్నవాళ్ళు నన్ను క్షమించాలి.

మనవాళ్ళు అంతదూరం పోలేదు గాని, మనమూ పళ్ళను తక్కువ రాపాడించలేదు. వేపపుల్ల, కానుగపుల్ల మంచివే. ఉప్పు, బొగ్గు, పిడకల కచ్చిక, అదీ చాలక ఇటుకపొడి! గులాబీరంగు నంజనగూడు పళ్ళపొడి చేతికొచ్చాక గాని పిల్లలకు పళ్ళు తోముకోవడం సంబరం కాలేదు. గరుకుపొడితో రుద్దితే మచ్చతోపాటు పంటి మీది ఎనామిల్ కూడా అరుగుతుంది. అరిగింది మళ్ళీ పెరగదు. గోరు పెరుగుతుంది, జుట్టు పెరుగుతుంది, విరిగిన ఎముక కూడా అతుక్కుంటుంది. ఎనామిల్‌కు ఆ భాగ్యం లేదు.

ఇక మా సీమ గార సంగతి. అది రెండు రకాలు. ఒకటి బీడీ, వక్కాకు, టీ వల్ల పైన పట్టేది. అది ఎవరికి వారు సంపాదించుకున్నది, డాక్టరు పది నిమిషాలు గీకితే చాలావరకు పోతుంది. రెండోది నీళ్ళిచ్చింది. ముందు సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చారలు, పోనుపోను పైవరస ముందుపళ్ళ మీద పసుపు, ఆపైన ఇటుకరంగు. తోమితే పోదు, గీకితే పోదు. ఎందుకంటే అది పంటి మీద పడ్డ మచ్చ కాదు, పన్ను తయారయ్యేటప్పుడే దానిలో కలిసిపోయిన మచ్చ. పసితనం నుంచి ఇంచుమించు ఎనిమిదేళ్ళ దాకా, చిగురు లోపల శాశ్వత దంతాలకు ఎనామిల్ పేరుకునే రోజుల్లో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ మితిమీరితే ఇలా అవుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర వరకు ఒప్పుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. పదేళ్ళ వయసులో ఊరు మారినా, కృష్ణానీళ్ళు తాగినా, వచ్చిన మచ్చ పోదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఎన్ని బోరునీళ్ళు తాగినా కొత్తగా పళ్ళకు మచ్చా రాదు. ఎముకల సంగతి వేరు, వాటికి వయసుతో పనిలేదు.

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల మెట్టపల్లెల్లో ఇలాంటి నీళ్ళు పడ్డ ఊళ్ళు కొన్ని ఉన్నాయి. గట్టిరాతి పొరల్లో ఏళ్ళతరబడి నిలిచిన నీరు ఆ రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు ఏటికేడు లోతుకు పోవడమే. కె.సి. కాలువ ఉంది కదా, 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పైర్లకూ పడవలకూ పనికొస్తుందని తవ్వించి, లాభం రాక 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పి పోయిన కాలువ, దాని పక్కన తుంగభద్ర నీళ్ళు తాగి పెరిగిన పిల్లనూ, అక్కడికి ముప్ఫై మైళ్ళ అవతల బోరునీళ్ళు తాగి పెరిగిన పిల్లనూ పక్కపక్కన నిలబెట్టి నవ్వమనండి. ఏ పిల్లది ఏ ఊరో ఇంటిపేరు అడక్కుండా చెప్పొచ్చు.

ఈ మచ్చ రహస్యం పట్టుకోవడానికి లోకానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1901లో అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టిన మెకే అనే కుర్ర దంతవైద్యుడు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళన్నీ గోధుమరంగులో ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు. ఊరివాళ్ళు పంది మాంసమన్నారు, పాలు మంచివి కావన్నారు. మెకే నీళ్ళ మీదే అనుమానపడ్డాడు. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళలో ఫ్లోరైడ్ పట్టుకున్నాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ గోధుమరంగు పళ్ళు పుచ్చిపోవడం తక్కువని మెకే ముందే గమనించాడు. చూడ్డానికి బాగాలేని పన్ను, పనిచెయ్యడానికి బాగానే ఉందన్నమాట! మచ్చ మరీ ముదిరితే ఆ ఎనామిల్ గుల్లబారి పెచ్చులూడుతుంది, ఆ మాటా చెప్పాలి. కారణం తెలియకముందే, 1916లో, అదే ఊళ్ళో ఇంకో దంతవైద్యుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పెట్టి ఆ మచ్చలు తియ్యడం మొదలుపెట్టాడు. కారణం కనుక్కోవడానికి ముప్ఫై ఏళ్ళు ఆగొచ్చు, మచ్చ మాత్రం వెంటనే పోవాలి. మనిషి ఎక్కడైనా మనిషే.

మనదేశంలో ఈ జబ్బును మొదట గుర్తించిందీ తెలుగునేల మీదే. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో, నడుములు వంగిపోయి కీళ్ళు బిగుసుకుపోయిన రైతులను చూసి డాక్టర్లు రాశారు. తర్వాతి కాలంలో నల్గొండ పేరు మోగింది. నీళ్ళలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. నీళ్ళకు చెయ్యవలసిన బ్లీచింగ్ నీళ్ళకు చెయ్యనిచోట, అది పళ్ళకు చెయ్యవలసి వస్తోందని నాకప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పటి తెల్లబరచడం ఆమ్లంతో కాదు, ఎక్కువగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో, దాన్నిచ్చే కార్బమైడ్ పెరాక్సైడ్‌తోనో. జెల్లులా చేసి పళ్ళకు పూస్తారు. ఇంటి దగ్గర రాత్రిళ్ళు పెట్టుకునే తొడుగుల పద్ధతి 1989లో పత్రికలకెక్కింది. అందులో మందు పలచన. క్లినిక్కులో ఒక్క పూటలో చేసేదానిలో మందు చాలా గాఢం. ఆ మందు ఎనామిల్‌లోంచి దూరి లోపలి పొరలో ఉన్న రంగును విరగ్గొడుతుంది. రంగు దగ్గర ఆగమంటే ఆగదు, కొద్ది నిమిషాల్లో లోపలి నరం దాకా పోతుంది. ఎనామిల్ కింద డెంటిన్ అనే పొరలో కంటికి కనపడని సన్నని గొట్టాలు వేలకువేలు, వాటిలో ద్రవం. చల్లనిదో వేడిదో తగిలినప్పుడు ఆ ద్రవం కదిలి నరాన్ని తట్టి లేపుతుంది. మామూలుగా ఓర్చుకునే నరం, పెరాక్సైడ్ తగిలి చిరాకుమీద ఉంటే, చిన్న కదలికకే కస్సుమంటుంది. దీనికి మన ఆడవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో మాట ఉంది. పచ్చి చింతకాయలు తిన్న పిల్ల "పండ్లు పులిసినాయి" అంటుంది చూడండి, సరిగ్గా అదే, కాకపోతే చింతకాయ తిన్న సంతోషం లేకుండా.

చాలామందికి కొద్దిరోజుల్లో, మందు ఆపితే తగ్గిపోతుంది. పుచ్చిన పన్ను, బీటలిచ్చిన పన్ను, చిగురు దిగిపోయి వేరు కనపడే పన్ను ఉన్నవాళ్ళకు బాధ ఎక్కువ. అవి ముందు బాగుచేయించుకోవాలి. పలచని మందు, మధ్యలో నాలుగు రోజుల ఎడం, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, ఇవి బాధను తగ్గిస్తాయి. యూరప్ దేశాల్లో 2011లో తెచ్చిన నియమం ప్రకారం కాస్త గాఢమైన మందు దంతవైద్యుడి చేతిమీదుగానే వాడాలి, పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు వాడనే కూడదు. మా సీమ గారకు ఈ వైద్యం పూర్తిగా లొంగదని కూడా తెలుసుకోవాలి. గోధుమరంగు పలచబడుతుంది, సుద్దచారలు పోవు. పన్ను ఆరిపోయి ఉండడంవల్ల మొదటి రెండురోజులు అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వచ్చిన తెలుపు కూడా శాశ్వతం కాదు, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వెళ్ళాలి.

ఇంత తెలిసినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. అది ఎక్కడ ముడిపడిందో చెప్తాను.

మా చిన్నమ్మ కూతురిది కడప జిల్లా పడమటి వైపు ఒక మెట్టపల్లె. దాని కూతురికి ఇరవై రెండేళ్ళు, బి.కాం. పాసైంది. నీళ్ళు ఆ పిల్లను కూడా వదల్లేదు, పైవరస నాలుగుపళ్ళు ఇటుకరంగు. బళ్ళో చేరినప్పటినుంచీ అరచెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వేది. ఆ చెయ్యి ఎంత అలవాటైపోయిందంటే, ఫోనులో మాట్లాడుతూ నవ్వినా నోటికి అడ్డం వెళ్ళేది. ఒక సంబంధం వచ్చింది, పదిరోజుల్లో చూపులు. మా చెల్లెలు పిల్లను టౌనుకు తీసుకుపోయి, ఒక క్లినిక్కులో, ఒక వారంలో రెండుసార్లు తెల్లబరిపించింది. రెండోసారి నేనూ తోడు వెళ్ళాను. డాక్టరు జెల్లు పూస్తూ "నొప్పుందా అమ్మా?" అని పిల్లనడిగాడు. పిల్ల నోటినిండా దూది. మా చెల్లెలు అందుకుని "లేదు సార్, ఓర్చుకుంటాది, మీరు కానియ్యండి" అంది.

నేను బి.ఏ.లో తత్వశాస్త్రం చదివాను. మరొకరి నొప్పి మనకెలా తెలుస్తుందన్నది అందులో ఒక పెద్ద చిక్కుప్రశ్న. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన విట్‌గెన్‌స్టైన్ దాన్ని తిప్పితిప్పి ఆలోచించేటప్పుడు ఎన్నోసార్లు పంటినొప్పినే ఉదాహరణగా తీసుకున్నాడు. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ ప్రశ్న కుర్చీలో పడుకుని నా ఎదుట కనిపించింది. నోరు ఆ పిల్లది, నరం ఆ పిల్లది, జవాబు వాళ్ళమ్మది. మా చెల్లెలు కఠినురాలు కాదు సుమా! పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా కూచునే తల్లి. కానీ కూతురి నొప్పి గురించి సాక్ష్యం చెప్పే హక్కు తనదే అనుకుంది. తల్లులం చాలామందిమి అనుకుంటాం, చెవులు కుట్టించేనాటినుంచీ.

చూపులనాడు ఏమైందంటే, పళ్ళు తెల్లగానే ఉన్నాయి, నవ్వు లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది, పెదవి విప్పితే గాలి తగిలి జివ్వుమంటోంది. పిల్ల నోరు బిగించి, అడిగినదానికి తలూపుతూ కూచుంది. అబ్బాయి తల్లి హాస్యాలాడింది, ప్రయోజనం లేకపోయింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు మా చెల్లెలితో "పిల్ల మరీ మూతి ముడుచుకున్నట్టుంటాదే" అందట. ఇంతకీ ఆ అబ్బాయిదీ మెట్ట ఊరే. నవ్వితే పైవరసంతా ఇటుకరంగు. కారందోసె తింటూ ధారాళంగా నవ్వాడు. వాళ్ళమ్మ దాన్ని దాచలేదు కూడా, "మా ఊరి నీళ్ళట్లాంటివి" అని మామూలుగా చెప్పింది. అదే నీళ్ళు! మగపిల్లవాడి నోట్లో అది ఊరి దోషం, ఆడపిల్ల నోట్లోకి వచ్చేసరికి పిల్ల దోషం.

ఇది విని, కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలొకావిడ ఇంకో మాటంది. "అసలు మచ్చ చెరిపి చూపులకు కూచోబెట్టడమే మోసం కాదా? ఎద్దు కొమ్ములకు రంగేసి అమ్మినట్టు?" అని. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్న జాతి మనది, ఆవిడకు ఆ అనుమానం రావడం సహజమే. కానీ నేనొప్పుకోను. ఎద్దు పళ్ళు దాని వయసు చెబుతాయి, అది కొనేవాడికి కావాలి. గార చెప్పేదల్లా ఎనిమిదేళ్ళలోపు ఏ బావి నీళ్ళు తాగిందనే. అది ఎదుటివాళ్ళకు తెలిసితీరవలసిన రహస్యమేమీ కాదు. వంశపారంపర్యం అసలే కాదు. ఆ పిల్లకు పుట్టే బిడ్డల పళ్ళు వాళ్ళు తాగే నీళ్ళనుబట్టి ఉంటాయి, తల్లి పళ్ళనుబట్టి కాదు. ఇందులో దాచిందేముంది, మోసమేముంది?

"అయితే ఈ షోకు ఎందుకు, దేవుడిచ్చిన పళ్ళతో ఉండొచ్చు కదా" అనేవాళ్ళు రెండోరకం. వీళ్ళలో ఎక్కువమందివి కాలువనీళ్ళ పళ్ళు. వీళ్ళతో కూడా నాకు కుదరలేదు. ఎందుకో చెప్పాలంటే, చూపులైన మూడువారాలకు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆ సంబంధం సంగతి ఎటూ తేలలేదు. పిల్ల గడపలో కూచుని పక్కింటివాళ్ళతో చెనిక్కాయలు ఒలుస్తోంది. ఎవరో ఏదో అన్నారు, పకపకా నవ్వింది. చెయ్యి ఒళ్ళోనే ఉంది. నేను చూడ్డం గమనించి, "జివ్వుమనేది తగ్గిపోయింది పెద్దమ్మా" అంది. కాసేపాగి, "ఒగ మాట చెప్పనా? అమ్మ కోసం చేపించుకున్న్యా గానీ, నాకే బాగుంది" అంది. పదిహేనేళ్ళ అరచెయ్యి దిగిపోయిందంటే ఆ సుఖం ఏమిటో అందమైన పళ్ళవాళ్ళకు తెలియదు. అది షోకు అని కొట్టిపారెయ్యడానికి మనమెవరం?

అయితే నొప్పి పడ్డందుకు ఆ సుఖం వచ్చింది గనక మా చెల్లెలు చేసింది సరే అందామా? అక్కడే నేను ఆగిపోతాను. చివరకు బాగుంది అన్నమాట, మొదట అడగకపోవడాన్ని సరిచెయ్యదు. డాక్టరు అడిగినప్పుడు పిల్ల నోట్లో దూది ఉంది, కానీ చెయ్యి ఊపగలదు. ఆ చెయ్యి ఊపేదాకా ఒక నిమిషం ఆగితే సరిపోయేది. బహుశా సరేననే ఊపేది, మందు కాస్త పలచన చెయ్యమనేది, చూపులు పదిరోజులు వెనక్కి జరపమనేది. లోకం కళ్ళు మారేదాకా ఆగమని ఇరవై రెండేళ్ళ పిల్లకు చెప్పడం నాకు చేతకాదు, లోకానికి అంత తొందర లేదు. లోకం కోసం నీ పన్ను పులిసినా ఫరవాలేదు అని చెప్పడం మాత్రం, ఆ పిల్ల తప్ప ఇంకెవరు చెప్పినా నేను వినదలచుకోలేదు.

ఇంకో సంగతి, అసలు నేను ఇదంతా రాయడానికి కారణమైంది, చూపులరోజుదే. ఆరోజు వచ్చినవాళ్ళకు మర్యాదగా ఉండాలని శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు రెండు తెప్పించారు. ఇంట్లోవాళ్ళకు ఎప్పటిలాగే బోరునీళ్ళ కుండ. మా చెల్లెలి బావగారి మనవడు నాలుగేళ్ళవాడు అదే ఇంట్లో ఉంటాడు. ఆరోజు వాడు ఆ కుండలోంచే ముంచుకుని గటగటా తాగాడు. వాడి పాలపళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. చిగుళ్ళ లోపల అసలు పళ్ళు తయారవుతున్న వయసు.

మూడువారాల తర్వాత వెళ్ళినప్పుడు ఈ మాట పిల్లతో అన్నాను. అది ఏమీ అనకుండా లోపలికి పోయి క్లినిక్కు బిల్లు తెచ్చి, వెనక్కి తిప్పి, లెక్క వేసింది. బి.కాం. కదా! బిల్లు 8,000. క్యాను 20 రూపాయలు. అంటే 400 క్యాన్లు. వాడు తాగడానికీ, వాడి గిన్నెడు సంగటి వేరుగా వండడానికీ అయితే ఒక క్యాను నాలుగురోజులు వస్తుంది. 1,600 రోజులు. "నాలుగేండ్లు దాటి నాలుగు నెల్లు పెద్దమ్మా. అప్పటికి వానికి ఎనిమిది దాటతాయి" అంది. వాళ్ళ నాయన ఆ కాయితం తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, రెండుసార్లు చూశాడు. "రేపట్నుంచి చెప్తాలే" అన్నాడు.

మొన్న ఫోను చేసి అడిగాను. క్యాను వస్తోందట. మా మరిదిగారు మధ్యమధ్యలో మర్చిపోతుంటే, పిల్లే వెళ్ళి తెస్తోందట.